ఊరంతా డి విటమిన్ తక్కువైతే జన్యువులను అడిగి లాభం లేదు

"డి విటమిన్ తక్కువుండడం మనవాళ్ల జన్యువుల్లోనే ఉంది" అన్న మాట ఈమధ్య బాగా నాటుకుపోతోంది. లాలాజలం పంపిస్తే పరీక్ష చేసి ఇచ్చే జన్యు రిపోర్టుల్లో ఈ విటమిన్‌కు విడిగా ఒక పేజీ ఉంటోంది. అందులో "లోపం వచ్చే అవకాశం ఎక్కువ" అని కనబడగానే, ఇక చేసేదేముందిలే అన్న నిశ్చయానికి వచ్చేస్తారు. రక్తపరీక్షలో మిల్లీలీటరుకు 11 నానోగ్రాములు వచ్చిందని దిగులుపడే మనిషికి "మీ వంశమే అంత" అనే మాట ఒక ఊరట కూడా. కానీ ఆ ఊరట తప్పుడు లెక్క మీద నిలబడింది.

ఒకే ఇంట్లో, ఒకే వంట తిని, ఒకే మేడ మీద బట్టలారేసే అక్కచెల్లెళ్లలో ఒకరికి 24, ఇంకొకరికి 13 వచ్చిందనుకుందాం. ఆ తేడా ఎందుకో చెప్పడానికి జన్యువులు కొంత పనికొస్తాయి. ఊళ్లో అంతమంది, చాలినంత అనుకునే 20 గీతకు లోపే ఎందుకున్నారో చెప్పడానికి మాత్రం పనికిరావు. మనిషికీ మనిషికీ మధ్య తేడా ఒక ప్రశ్న. అందరి సగటూ కలిసికట్టుగా పడిపోవడం వేరే ప్రశ్న. మొదటిదానికి దొరికిన జవాబును రెండోదానికి అతికించడం వల్లనే ఇంత గందరగోళం.

కవలల లెక్కలు ఎందుకు కలవవు

ఈ విటమిన్ స్థాయిలో వంశపారంపర్యం వాటా ఎంత అని వెతికితే పావు వంతు దగ్గర్నుంచి ముప్పాతిక దాకా రకరకాల అంకెలు దొరుకుతాయి. వాటిలో రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూడాలి. స్వీడన్ కవలల మీద 2009లో వచ్చినదాంట్లో వేసవిలో తేడాల్లో దాదాపు సగం జన్యువులదని తేలింది, చలికాలంలో జన్యువుల పాత్ర కనబడలేదు. వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసిన అమెరికా మగ కవలల మీద 2010లో వచ్చినదాంట్లో సరిగ్గా తిరగబడింది. చలికాలంలో 70 శాతం జన్యువులది, వేసవిలో వాటి ఊసే లేదు.

రెంటిలో ఒకటి తప్పనుకోనక్కర్లేదు. స్వీడన్‌లో వేసవి వస్తే అందరూ ఎండకు ఎగబడతారు. ఎండ అందరికీ ఇంచుమించు సమానంగా అందినప్పుడు, ఎవరి చర్మం ఎంత తయారుచేస్తుంది, ఎవరి కాలేయం ఎంత మారుస్తుంది అన్న తేడాలే పైకి తేలతాయి. చలికాలంలో ఎవరు మాత్ర వేసుకున్నారు, ఎవరు చేప తిన్నారు, ఎవరు దక్షిణ దేశాలకు సెలవుకు వెళ్లొచ్చారు అన్నదే తేల్చేస్తుంది. అమెరికాలో వేసవిలో ఒకడు పొలంలో, ఒకడు ఏసీ గదిలో ఉంటే జన్యువుల తేడా ఆ పెద్ద తేడా కింద కప్పబడిపోతుంది. ఇది నా వివరణ. వేరే వివరణలూ ఉండొచ్చు. కానీ ఒక విషయంలో సందేహం లేదు. వంశపారంపర్యపు శాతం ఒంట్లో స్థిరంగా ఉండే గుణం కాదు, ఆ జనం ఆ రుతువులో ఎలా బతుకుతున్నారో దాన్నిబట్టి మారే కొలత. స్వీడన్ అంకెను తెచ్చి వరంగల్‌కు తగిలించడం కుదరదు.

జన్యువులు నిజంగా చేసే పని

జన్యువులకు ఏమీ లేదని నేననడం లేదు. ఎక్కడెక్కడ వాటి చెయ్యి ఉందో చాలావరకు తెలుసు. చర్మంలో 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థం మీద ఎండలోని యూవీ-బీ అనే అతినీలలోహిత కిరణం పడితే డి3 మొదలవుతుంది. ఆ ముడిసరుకును కొలెస్టరాల్‌గా మార్చి పట్టుకుపోయే ఎంజైమును డీహెచ్‌సీఆర్7 అనే జన్యువు తయారుచేయిస్తుంది. అది చురుగ్గా ఉంటే ఎండకు మిగిలే సరుకు తగ్గుతుంది. కాలేయంలో డి3ని 25-హైడ్రాక్సీ రూపానికి, అంటే మన రక్తపరీక్షలో కొలిచే రూపానికి మార్చేది సీవైపీ2ఆర్1. రక్తంలో దాన్ని మోసుకెళ్లే ప్రోటీన్ జీసీ అనే జన్యువుది. పని అయ్యాక విరగ్గొట్టి బయటికి పంపేది సీవైపీ24ఏ1.

2010లో దాదాపు 34 వేలమంది యూరోపియన్ల మీద జరిగిన జన్యు అధ్యయనంలో జీసీ, డీహెచ్‌సీఆర్7, సీవైపీ2ఆర్1 స్పష్టంగా నిలిచాయి. ఈ మూడింటిలోనూ ప్రతికూల రూపాలు ఎక్కువగా ఉన్న పావు వంతు మందికి, తక్కువగా ఉన్న పావు వంతుతో పోలిస్తే, 30 నానోగ్రాముల లోపు ఉండే అవకాశం దాదాపు రెండున్నర రెట్లు. రిపోర్టుల్లో ఎర్రగా రాసేది ఇలాంటి రెట్లనే. కానీ మనుషుల మధ్య మొత్తం తేడాలో ఆ మూడూ కలిసి వివరించేది కొద్ది శాతమే. 2020లో బ్రిటన్ బయోబ్యాంకులోని (లక్షలమంది ఆరోగ్య, జన్యు వివరాలు దాచిన నిధి) 4,17,580 మంది సమాచారంతో 143 చోట్ల జన్యు సంబంధాలు దొరికాయి. అంత పెద్ద లెక్కలోనూ సాధారణ జన్యు భేదాలన్నీ కలిపి వివరించింది సుమారు 13 శాతం. పైగా ఆ జనం యూరప్ మూలాలవాళ్లు. ఆ జన్యు భేదాలను కలిపి వేసే స్కోరును తెలుగువాళ్ల మీద వాడితే గురి ఇంకా తగ్గుతుంది.

చాలా రిపోర్టుల్లో వీడీఆర్ జన్యువు గురించి పెద్ద పేరా ఉంటుంది. వీడీఆర్ అనేది కణంలో విటమిన్‌ను అందుకునే గ్రాహకం. రక్తంలో ఎంత ఉందో తేల్చే జన్యువుల్లో అది ముందు వరుసలో లేదు. దాని ఆధారంగా "మీ స్థాయి తగ్గుతుంది" అని రాసిన రిపోర్టును పక్కన పెట్టేయొచ్చు.

జన్యుపరీక్ష నిజంగా అవసరమయ్యే సందర్భాలు అరుదు, కానీ ముఖ్యమైనవి. రికెట్స్ (ఎముకలు మెత్తబడి వంగిపోయే జబ్బు) ఉన్న బిడ్డకు మామూలు మోతాదు సరిగా ఇచ్చినా ఎముకలు తిన్నగా కాకపోతే సీవైపీ2ఆర్1, సీవైపీ27బీ1 (విటమిన్‌ను చురుకైన రూపానికి మార్చే జన్యువు), వీడీఆర్‌లలో లోపం వెతకాలి. ఇంకోటి దీనికి పూర్తిగా ఎదురు. 1950లలో బ్రిటన్‌లో పిల్లల పాలపొడిలో డి విటమిన్ బాగా కలిపిన కాలంలో కొందరు పసివాళ్ల రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరిగింది. అందరు పిల్లలూ తట్టుకున్న మోతాదును కొందరు ఎందుకు తట్టుకోలేకపోతారో 2011లో తెలిసింది. అలాంటి పిల్లల్లో కొందరికి, విటమిన్‌ను విరగ్గొట్టే సీవైపీ24ఏ1 రెండు ప్రతుల్లోనూ పనిచేయదు. మామూలు మోతాదుకే కాల్షియం పెరిగి, రక్తంలో కాల్షియంను పెంచే పారాథైరాయిడ్ హార్మోను బాగా తగ్గి, ఇంట్లో కిడ్నీ రాళ్ల చరిత్ర ఉంటే ఈ పరీక్ష అడగాలి. ఎంతసేపూ లోపం గురించే మాట్లాడే మనం ఈ రెండో ముప్పును మరిచిపోతాం.

చర్మపు రంగు మాటేమిటి

నా వాదనకు ఎదురుగా నిలిచే బలమైన సాక్ష్యం ఇదే. రంగు జన్యువులది, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ యూవీ-బీని పీల్చేసుకుంటుంది, కాబట్టి లోపం జన్యువులదే కదా అనొచ్చు. మాంచెస్టర్‌లో జరిగిన ప్రయోగం ఫలితాలు 2011లో వచ్చాయి. అక్కడి దక్షిణాసియా వాళ్లకు ఆరు వారాలపాటు, వారానికి మూడుసార్లు, బ్రిటన్ వేసవి ఎండకు సమానమైన కృత్రిమ కాంతి ఇచ్చారు. స్థాయి పెరిగింది కానీ ఒక్కరు కూడా 20 నానోగ్రాములు అందుకోలేదు. అదే కాంతితో తెల్లవాళ్లలో ఎక్కువమంది ఆ గీత దాటారు. ఇంకో సాక్ష్యం 1998 నాటిది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఉంటున్న భారతీయుల చర్మకణాలను పెంచి చూస్తే, విటమిన్‌ను విరగ్గొట్టే 24-హైడ్రాక్సిలేజ్ చురుకుదనం ఎక్కువగా కనిపించింది. అది చిన్న అధ్యయనమే అయినా తోసిపుచ్చలేం.

అయినా మాంచెస్టర్ ప్రయోగంలో కొలిచింది మాంచెస్టర్ ఎండను. అదే చర్మం తిరుపతిలో ఉంటే వేరే లెక్క. చర్మపు రంగును ప్రభావితం చేసే ఎస్ఎల్‌సీ24ఏ5 జన్యువు మీద హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు పనిచేశారు. దాని లేతరంగు రూపం మన దేశంలో ఒక్కో సమూహంలో ఒక్కో మోతాదులో ఉంది. కానీ అది తేడా చూపించాలంటే ముందు ఎండ తగలాలి. ఇంట్లోంచి క్యాబులో ఎక్కి, మాదాపూర్‌లో అద్దాల భవనంలో దిగి, చీకటిపడ్డాక తిరిగొచ్చే ఇద్దరిలో ఒకరు తెల్లగా, ఒకరు నల్లగా ఉన్నా ఒరిగేదేమీ లేదు. కిటికీ అద్దం యూవీ-బీని దాదాపు మొత్తం ఆపేస్తుంది.

జన్యువులకు తొందరపడి పట్టం కట్టినప్పుడు ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఇంకోటి ఉంది. నల్లజాతి అమెరికన్లలో విటమిన్‌ను మోసే ప్రోటీన్ జన్యురీత్యా తక్కువనీ, అందుకే మొత్తం స్థాయి తక్కువున్నా వాడుకకు దొరికేది సరిపోతుందనీ 2013లో పేరున్న వైద్యపత్రికలో వచ్చింది. తర్వాత వేరే పద్ధతుల్లో కొలిస్తే ఆ తేడా మాయమైంది. మొదటి పరీక్షలో వాడిన యాంటీబాడీ ఆ ప్రోటీన్ రూపాల్లో ఒకదాన్ని సరిగా పట్టుకోలేదు. జాతి తేడా అనుకున్నది కొలతలో తేడా.

తిరుపతి కూలీలు వేసే చిక్కు ప్రశ్న

తిరుపతి స్విమ్స్ వైద్యసంస్థలో హరినారాయణ్ బృందం చేసిన పరిశీలనలను తెలుగువాళ్లందరూ తెలుసుకోవాలి. పొలాల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంటిమీద పెద్దగా బట్ట లేకుండా పనిచేసే పల్లెవాళ్లనూ, పట్నంవాళ్లనూ పోల్చారు. పల్లెవాళ్ల స్థాయి మెరుగ్గా ఉంది. ఇంతవరకు ఎండ వాదానికి బలమే. కానీ అంత ఎండలో ఉన్న పల్లెవాళ్లలోనూ చాలామందికి చాలినంత లేదు.

ఇక్కడ "చూశారా, జన్యువులే" అనేవాళ్లున్నారు. నేను అన్నం కంచం వైపు చూస్తాను. ఆ అధ్యయనాల్లోనే కాల్షియం బాగా తక్కువ, ఫైటేట్ (గింజల్లో ఉండి కాల్షియంను ఒంటికి అందనీయని పదార్థం) ఎక్కువ ఉన్న తిండి కనబడింది. కాల్షియం తగ్గితే ఏమవుతుందో 1987లో ఎలుకల మీద చూపించారు. పారాథైరాయిడ్ హార్మోను పెరుగుతుంది, దాంతో విటమిన్ చురుకైన రూపం పెరుగుతుంది, ఆ రూపం పెరిగేకొద్దీ నిల్వగా ఉన్న 25-హైడ్రాక్సీ రూపం త్వరగా విరిగి బయటికి పోతుంది. అంటే ఎండ ఎంత పోసినా అడుగున చిల్లు ఉన్న కుండలాంటి పరిస్థితి. విరగ్గొట్టే యంత్రం జన్యువులదే, దాన్ని అంత వేగంగా తిప్పేది తిండి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజిపైన్ కూడా విటమిన్‌ను ఇలాగే త్వరగా ఖర్చు చేయిస్తాయి. ఆ మందులు వాడేవాళ్లకు మామూలు మోతాదు చాలకపోవచ్చు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని చెప్పింది. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో 10 మిల్లీగ్రాములకు మించదు. మూడుపూటలా అన్నం, పలుచని చారు, చెంచాడు కూర, చివర్లో నీళ్ల మజ్జిగ తినే ఇంట్లో 400 దాటడం కష్టం. అదే 100 గ్రాముల రాగుల్లో 360 దాకా, మునగాకులో 300కు పైగా, అర లీటరు పాలు లేదా ఆ పాల పెరుగులో సుమారు 600 ఉంటుంది. ఎముకతో సహా తినే నెత్తళ్లు మరీ మంచివి. రాగిలో ఫైటేట్ ఉంటుంది కాబట్టి పిండి రాత్రే కలిపి పులియబెట్టి అంబలి కాచడంలో అర్థం ఉంది. పులిస్తే ఫైటేట్ కొంత విరుగుతుంది.

గాలి కూడా లెక్కలోకి వస్తుంది. 2002లో ఢిల్లీలో పొగ కమ్మిన మోరీ గేట్ ప్రాంతపు పసిపిల్లలకు సగటున 12 నానోగ్రాములుంటే, గాలి కాస్త శుభ్రంగా ఉన్న గుర్గావ్ పిల్లలకు 27 ఉంది. ఇంత తేడాను జన్యువుల మీద నెట్టడం ఎవరికీ సాధ్యం కాదు. బరువు సంగతీ అంతే. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు కొలత) 10 శాతం పెరిగితే విటమిన్ స్థాయి సుమారు 4 శాతం తగ్గుతుందని 2013లో జన్యు పద్ధతులతోనే తేల్చారు. విటమిన్ తగ్గడం వల్ల బరువు పెరుగుతుందన్న దానికి మాత్రం ఆధారం దొరకలేదు.

నీడ కొలిచి ఎండకు వెళ్లడం

లేత ఎండ మంచిదన్న నమ్మకం మనలో బలంగా ఉంది. నడకకు మంచిదే, డి విటమిన్‌కు దాదాపు పనికిరాదు. సూర్యుడు కిందుగా ఉంటే యూవీ-బీ ఓజోన్ పొరలోంచి ఏటవాలుగా ఎక్కువ దూరం ప్రయాణించి అక్కడే ఆగిపోతుంది. తిరుపతిలో గాజు గొట్టాల్లో ముడిసరుకు ఉంచి ఎండలో పెట్టి చూస్తే ఏడాది పొడవునా 11 నుంచి 2 మధ్యే ఎక్కువగా మారింది. గడియారం లేకపోయినా నీడ చెబుతుంది. మీ నీడ మీ ఎత్తుకంటే పొట్టిగా ఉన్నప్పుడే లాభం.

హైదరాబాద్ అక్షాంశానికి లెక్కవేస్తే డిసెంబరు మూడో వారంలో దాదాపు 11 నుంచి 1.30 వరకు నీడ మనకంటే పొట్టిగా ఉంటుంది. మే నెల మధ్యలో ఉదయం 9 గంటలకే అలా అవుతుంది. కాబట్టి 44 డిగ్రీల ఎండలో మిట్టమధ్యాహ్నం నిలబడమని ఎవరూ చెప్పనక్కర్లేదు. వేసవిలో 9 నుంచి 10, చలికాలంలో మధ్యాహ్న భోజన సమయం సరిపోతాయి. ముఖం, చేతులు, కాళ్లు, వీలైతే వీపు తగిలేలా, వారానికి నాలుగైదు రోజులు, కనీసం అరగంట. తెల్లవాళ్ల కోసం రాసిన "పది నిమిషాలు చాలు" మన రంగుకు చాలదు. ఎక్కువసేపు ఉంటే విటమిన్ విషమవుతుందన్న భయం వద్దు. చర్మంలో మోతాదు దాటితే అది లూమిస్టెరాల్, టాకిస్టెరాల్ అనే పనికిరాని రూపాల్లోకి మారిపోతుంది. వడదెబ్బ, చర్మం కమలడం మాత్రం నిజమైన ముప్పులు.

న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్లకు ఈ సలహా చలికాలంలో చెల్లదు. అక్కడ డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా నీడ మనిషికి రెట్టింపు పొడవుంటుంది. వాళ్లకంటే కొంచెమే పైనున్న బోస్టన్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చర్మంలో డి తయారీయే జరగదని 1988లో చూపించారు. కెనడాలోని ఎడ్మంటన్‌లో అక్టోబరు నుంచి మార్చి వరకు అంతే. అక్కడ మాత్రే దారి. బ్రిటన్‌లో దక్షిణాసియా మూలాలవాళ్లు ఏడాదంతా రోజుకు 10 మైక్రోగ్రాములు, అంటే 400 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు), వేసుకోవడం మంచిదని అక్కడి ప్రభుత్వ వైద్యసేవే చెబుతోంది.

60,000 పొట్లం దగ్గర జరిగే పొరపాట్లు

మన దగ్గర డాక్టర్లు ఎక్కువగా రాసేది 60,000 ఐయూ డి విటమిన్ పొట్లం, వారానికొకటి, 8 వారాలు. కోర్సు అయ్యాక ఆపేస్తారు. కొన్ని నెలలకు మళ్లీ పరీక్ష చేయిస్తే స్థాయి కిందికొస్తుంది. "ఎన్ని వేసినా నిలవడం లేదు, మా జన్యువులు" అన్న మాట ఎక్కువగా పుట్టేది ఇక్కడే. 25-హైడ్రాక్సీ రూపం రక్తంలో రెండు మూడు వారాల్లో సగానికి పడుతుంది. అదే గదిలో, అదే తిండితో బతుకుతుంటే స్థాయి పాత చోటికే చేరుతుంది, ఎవరి జన్యువులైనా సరే. కోర్సు తర్వాత నెలకొక 60,000, అంటే రోజుకు సుమారు 2,000, కొనసాగించాలో వద్దో డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. మళ్లీ పరీక్ష మూడు నెలల తర్వాతే, అదే ల్యాబులో. ల్యాబు మారితే పద్ధతి మారుతుంది. 17 వచ్చినచోట ఇంకో ల్యాబు 22 ఇవ్వొచ్చు. పొట్లం పరగడుపున కాకుండా కొవ్వు ఉన్న భోజనంతో వేసుకోవాలి.

పెద్ద ప్రమాదం వారానికొకటి అన్నది రోజుకొకటిగా మారడం. దానికి తోడు ఇంజెక్షన్ కూడా తీసుకుంటే 25-హైడ్రాక్సీ 150 దాటి, కాల్షియం పెరిగి, వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, చివరికి కిడ్నీ దెబ్బతినడం దాకా పోవచ్చు. ఒక్కసారే భారీ మోతాదు పనికిరాదనడానికి 2010 నాటి ఆస్ట్రేలియా ప్రయోగం ఉంది. 70 దాటిన స్త్రీలకు ఏడాదికొకసారి 5 లక్షల ఐయూ ఇస్తే, ఇవ్వనివాళ్లకంటే ఎక్కువసార్లు పడ్డారు, ఎక్కువ ఎముకలు విరిగాయి.

పరీక్ష అందరికీ అవసరమా అన్నదీ ఆలోచించాలి. 30 లోపు ఉంటే "తక్కువ" అని ముద్రవేసే అలవాటుకు 2011 నాటి అమెరికా ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాలు ఊతమిచ్చాయి. 2024లో ఆ సంస్థే 30 లక్ష్యాన్ని వదిలేసి, ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు మామూలుగా ఈ పరీక్ష వద్దంది. 20 దాటి ఉండి, ఎముకల నొప్పులు, కండరాల బలహీనత లేనివాళ్లు కంగారుపడక్కర్లేదు. 10 లోపు ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు వాయిదా వేయకూడదు.

పరిసరాల వల్ల వచ్చిన లోపాన్ని పరిసరాల్లోనే సరిచేయాలి. దేశ ఆహార భద్రతా సంస్థ 2018 ప్రమాణాల ప్రకారం, విటమిన్లు కలిపారని చెప్పే ప్లస్ ఎఫ్ (+F) గుర్తున్న పాలలో లీటరుకు 200 నుంచి 300 ఐయూ, నూనెలో గ్రాముకు 0.11 నుంచి 0.16 మైక్రోగ్రాములు ఉండాలి. రోజుకు అర లీటరు పాలు, 20 గ్రాముల నూనె వాడేవాళ్లకు వీటిద్వారా 190 నుంచి 280 ఐయూ అందుతుంది. ఎండ తగలనివాళ్లకు కావలసిన 600లో ఇది సగం కూడా కాదు, వేపుళ్లకు మరిగిస్తే నూనెలోది ఇంకా తగ్గుతుంది. అయినా సగటును కాస్త పైకి లాగుతుంది, ఎవరి జన్యువులనూ అడక్కుండా. పాలప్యాకెట్ మీద ఆ గుర్తు ఉందో లేదో చూసి కొనడానికి ఖర్చేమీ లేదు.

బడుల్లో ఆటల పీరియడ్ ఎక్కువగా సాయంత్రం 4 తర్వాత పెడతారు. మన అక్షాంశంలో ఏడాదిలో ఏ నెలలోనైనా ఆ సమయానికి నీడ పిల్లలకంటే పొడవే. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు దాన్ని మధ్యాహ్న భోజనానికి ముందుకు జరిపితే చాలు, కొత్తగా పైసా అక్కర్లేదు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక 10 గంటల ప్రాంతంలో అరగంట, తలకు టోపీ, పక్కన మంచినీళ్ల బిందె పెట్టి ఆడించొచ్చు.